చెబితే గుణం పోయే మందు

నేను చదువుకున్న కాలంలో కీమోథెరపీ మీద లావుపాటి పుస్తకం ఒకటి ఉండేది. ఏ మందు ఎంత ఎక్కించాలి, ఎంతసేపు ఎక్కించాలి, ఎక్కించాక వాంతులైతే ఏమివ్వాలి, అన్నీ అందులో ఉండేవి. నేను క్యాన్సర్ వార్డులో చేరిన కొత్తలో ఒక రోగి భర్త అడిగిన ప్రశ్నకు మాత్రం అందులో జవాబు దొరకలేదు.

"డాక్టరమ్మా, మా ఆమె పొద్దుగాల పరగడుపున పసుపు ముద్ద మింగుతున్నది. మీ సెలైన్‌కు ముందు మింగాల్నా, ఎన్క మింగాల్నా?"

పక్క గదిలోకి వెళ్లి మా ప్రొఫెసర్‌ను అడిగాను. ఆయన చదువుతున్న పేపర్ దించకుండానే "మానేయమను" అన్నారు. నేను వచ్చి మానేయమన్నాను. ఆమె పసుపు మానలేదు. నాకు చెప్పడం మానేసింది.

పదవీ విరమణ చేసి ఇంట్లో కూర్చున్నాక, ఈ వృత్తిలోకి కొత్తగా వస్తున్న పిల్లలు అప్పుడప్పుడు వచ్చి అనుభవాలు రాయమంటున్నారు. ప్రమోషన్ల గురించి రాయడానికి నా దగ్గర పెద్దగా సరుకు లేదు. ఉన్న కాస్తా చదివితే మీకే నిద్ర వస్తుంది. కాబట్టి ఒక్క సంగతి రాస్తాను. రొమ్ము క్యాన్సర్‌కు మనం ఎక్కించే మందూ, రోగి ఇంటి దగ్గర మింగే ఆకూ ఒకే ఒంట్లో కలుసుకుంటే ఏం జరుగుతుంది? నాకూ పూర్తిగా తెలియదు. తమకు తెలుసన్నవాళ్లను మాత్రం చాలామందిని చూశాను. వాళ్లలో కొందరు నాకు జీతం కూడా ఇచ్చారు.

తూర్పు ముఖం కీమో

హైదరాబాద్ నాలుగు దిక్కులా పెరిగిపోతున్న రోజులవి. ఔటర్ రింగ్ రోడ్డు వస్తుందన్న మాటకే ఇబ్రహీంపట్నం చుట్టుపక్కల జొన్న చేలల్లో హద్దురాళ్లు మొలిచాయి. బస్టాండు దగ్గర చాయ్ తాగేవాళ్లు వానల సంగతి మరిచి గజాల సంగతి మాట్లాడుకునేవారు. నగరంలో నేను పనిచేసే ఆస్పత్రికి కూడా ఆ గాలి సోకింది. సాగర్ రోడ్డు మీద ఒక శాఖ వెలిసింది. నన్ను అక్కడికి పంపడానికి కారణం నా విద్వత్తు అనుకునేరు. మా బాపు ఆ దారిలో ఏళ్ల తరబడి ఆర్టీసీ కండక్టర్. "కండక్టర్ బిడ్డ" అంటే చాలు, ఆ ఊళ్లలో నాకు వేరే పరిచయం అక్కర్లేదు. లోకల్ డాక్టర్ ఉంటే జనం వస్తారని మా చైర్మన్ గారి అంచనా.

చైర్మన్ గారు ఆస్పత్రి పెట్టకముందు అపార్ట్‌మెంట్లు కట్టేవారు. ఆ అలవాటు పోలేదు. వార్డులో మూలనున్న మంచాన్ని "కార్నర్ బిట్" అనేవారు. కీమో ఎక్కించే గది తూర్పు ముఖంగా ఉందని పేపర్ ప్రకటనలో వేయించారు. మనిషి చెడ్డవాడేమీ కాదు. రోగి బతకాలని ఆయనకూ ఉండేది, బతికిన ముఖాన్ని బోర్డు మీద వేయవచ్చు గనక.

ఆయన ఒకసారి కేరళ వెళ్లి నూనె మర్దన చేయించుకుని వచ్చారు. ఒంటి మీద నూనె ఆరకముందే మీటింగ్ పెట్టారు.

"ప్రపంచమంతా హెర్బల్ వైపు వెళ్లిపోతోందండీ. మనం ఇంకా సెలైన్ దగ్గరే ఉన్నాం."

"సెలైన్ ఉప్పునీళ్లు సార్. అందులో కలిపేది మందు," అన్నాను.

"నేననేదీ అదే కదండీ. ఇంకాస్త కలుపుదాం."

అట్లా మా ఆస్పత్రిలో 'సంయుక్త చికిత్స' పుట్టింది. కీమోతో పాటు రోజూ ఆకుపచ్చ డబ్బాలోని గోలీలు వేసుకోవాలి. ఆ గోలీలు చైర్మన్ గారి బావమరిది కంపెనీవి. ఆయనకు తుక్కుగూడ అవతల ఒక వెంచర్ ఉండేది. దాని మీద కోర్టు కేసు పడి ప్లాట్లు అమ్ముడుపోలేదు. కేసులో ఉన్న భూమిలో ఇల్లు కట్టడం కుదరదు గాని కలబంద నాటవచ్చు. కలబంద, తులసి, తిప్పతీగ నాటి, గేటు మీద 'హెర్బల్ విలేజ్' అని రాయించాడు. ప్లాట్ల కోసం అచ్చువేసిన రంగుల కాగితాల మీదే కొత్త పేరు అంటించి మాకు పంపాడు. ఒక మూల చూస్తే "క్లబ్ హౌస్ సౌకర్యం కలదు" అని ఇంకా కనిపించేది.

మా ఆస్పత్రి ముందు కూడా ఒక మూలికల తోట వేశారు. ప్రారంభోత్సవానికి ముందురోజు చైర్మన్ గారు తోటంతా తిరిగి, గోడ పక్కన గుత్తులుగా పూసిన బిళ్లగన్నేరు మొక్కల్ని చూసి ముఖం చిట్లించారు.

"ఈ పిచ్చి మొక్కలేంటండీ? పీకించేయండి."

పీకించేశారు. ఆ తోట మొత్తంలో నిజంగా క్యాన్సర్ మందు తయారైన మొక్క అదొక్కటే. బిళ్లగన్నేరు నుంచి తీసిన మందులు మా ఫార్మసీ ఫ్రిజ్‌లో, అక్కడికి పదడుగుల దూరంలో ఉన్నాయి. చెబుదామని నోటిదాకా వచ్చింది. చెబితే మర్నాడే బిళ్లగన్నేరు జ్యూస్ అమ్మకానికి పెడతారని భయం వేసి ఊరుకున్నాను. ఆ మొక్క విషం, ఇంట్లో నమిలే సరుకు కాదు.

ఇక్కడ నా పక్షం తేల్చి చెబుతాను. ఆకుల్ని చూసి నవ్వే డాక్టర్లంటే నాకు చిరాకు. మనం రొమ్ము క్యాన్సర్‌కు వాడే పేరున్న మందుల్లో ఒకటి చెట్టు బెరడు నుంచి వచ్చింది, ఇంకొకటి మట్టిలోని సూక్ష్మజీవి నుంచి వచ్చింది. ప్రకృతి మన ఫార్మసీలో ఎప్పుడో ఉద్యోగంలో చేరింది. అల్లం కాస్త నమిలితే కొందరికి వికారం తగ్గుతుంది, నమలనివ్వండి. అయితే కొన్ని ఆకులు మన మందు బలాన్ని తగ్గిస్తాయి, కొన్ని పెంచి విషం చేస్తాయి, కొన్ని కాలేయాన్ని దెబ్బతీస్తాయి. చాలావాటి సంగతి ఎవరికీ తెలియదు. తెలియదన్న మాట నోటితో అనడానికి మన వృత్తిలో నాలుక ఎందుకో తిరగదు.

బావమరిది గారి కంపెనీలో ఒక సైంటిస్ట్ ఉండేవాడు. మెడలో టై, చేతిలో లేజర్ లైటు. మాకు తెర మీద బొమ్మలు చూపించాడు. గాజు పళ్లెంలో రొమ్ము క్యాన్సర్ కణాలు, వాటి మీద గోలీల రసం పోశారు, కణాలన్నీ చచ్చాయి.

"మా క్యాంటీన్ సాంబార్ పోసి చూశారా?" అని అడిగాను.

అతను జోక్ అనుకుని నవ్వాడు. నేను నిజంగానే అడిగాను. పళ్లెంలో కణాన్ని చంపడానికి ఉప్పు ఎక్కువైన సాంబార్ చాలు. కణం చావాలి, దాన్ని మోస్తున్న మనిషి బతకాలి. ఆ రెండో సంగతి పళ్లెంలో కనిపించదు.

అండాలు కొలతలు

అండాలు ఇబ్రహీంపట్నంలో జాకెట్లు కుట్టేది. నలభై దాటలేదు. భర్త సత్తయ్య జేసీబీ నడిపేవాడు. చేలు చదును చేసి వెంచర్లు వేసే పని కాబట్టి ఆ రోజుల్లో అతనికి పగలూ రాత్రీ గిరాకీ. ఒక కూతురు, ఇంటర్ చదువుతోంది.

అండాలుకు ఎడమ రొమ్ములో గడ్డ. ఊళ్లో ఆడవాళ్లందరి కొలతలూ చూడగానే చెప్పే మనిషి, తన జాకెట్ ఒక పక్క బిగుతైతే కుట్టు విప్పి వదులు చేసుకుంది. మళ్లీ బిగుతైతే మళ్లీ విప్పింది. విప్పడానికి లోపల ఇక బట్ట మిగలనప్పుడు మా దగ్గరికి వచ్చింది.

"జర ముందు రావద్దా అండాలూ?" అన్నాను.

"నొప్పి లేదు డాక్టరమ్మా. నొప్పి లేందానికి దవాఖాన ఏందని ఊకున్న."

ఇది మీకు రోజూ వినిపిస్తుంది. కోప్పడకండి, నొప్పి లేని దాన్ని చూసి భయపడమని ఆమెకు ఎవరూ నేర్పలేదు.

గడ్డ పెద్దది, అయినా వేరే చోటికి పాకలేదు. నయమయ్యే కేసు. ముందు కీమోతో గడ్డను చిన్నది చేసి, ఆ తర్వాత ఆపరేషన్ చేయాలి. మొదట మట్టి సూక్ష్మజీవి నుంచి వచ్చిన ఎర్ర మందు, దాని తర్వాత చెట్టు బెరడు మందు. ఎర్ర మందు మందారం నీళ్ల రంగులో ఉంటుంది, రోగులు దాన్ని చూడగానే సగం భయపడతారు. ఆమె భయపడలేదు. గొట్టంలో దిగుతున్న రంగును చూసి, "గీ రంగు లైనింగ్ బట్ట ఏడ దొర్కదు" అంది.

గడ్డ తగ్గుతూ వచ్చింది. నేను వేళ్లతో నొక్కి చూసేదాన్ని. ఆమె ఇంట్లో కుట్టు టేపు పెట్టి చూసుకునేది. ఇద్దరి లెక్కా కలిసేది.

చైర్మన్ గారికి ఈ కబురు అందింది. చికిత్స సగంలో ఉండగానే ఆమెకు మంచి చీర కట్టించి ఫోటో తీయించారు. సాగర్ రోడ్డు మీద, ఔటర్ దగ్గరి చౌరస్తాలో పెద్ద బోర్డు లేచింది. నవ్వుతున్న అండాలు, ఒక చేతిలో తులసి కొమ్మ. కింద పెద్ద అక్షరాలు: "ఆకు శక్తి, కీమో శక్తి. రెండూ కలిస్తేనే గెలుపు." పక్క బోర్డు మీద ఒక సినిమా నటుడు విల్లాలు అమ్ముతున్నాడు.

నేను వెళ్లి అడిగాను. "ఆమెకు ఇంకా ఆపరేషనే కాలేదు సార్. గెలుపు ఎక్కడొచ్చింది?"

"ప్రీ లాంచ్ అండీ," అన్నారు చైర్మన్ గారు. పునాది తవ్వకముందే ఫ్లాట్లు అమ్మడానికి వాళ్ల వ్యాపారంలో ఆ పేరు.

అండాలు బోర్డు చూసి వచ్చింది. ఎట్లా ఉందని అడిగితే, "జాకెట్ మంచిగ కూసుంది డాక్టరమ్మా," అంది.

ఇద్దరూ చెప్పలేదు

బెరడు మందు మొదలుపెట్టాల్సిన వారం రక్తపరీక్ష చేస్తే కాలేయం రిపోర్టు చెడిపోయి ఉంది. మనం ఎక్కించే మందును ఒంట్లోంచి బయటికి పంపాల్సింది కాలేయం. అది అలిసిపోయి ఉండగా ఎక్కిస్తే మందు లోపలే ఉండిపోయి మనిషి ప్రాణం తీస్తుంది. ఆపాను. కామెర్ల పరీక్షలు చేశాం, ఏమీ లేదు. స్కాన్ చేశాం, కాలేయంలో క్యాన్సర్ లేదు.

"ఆకులు, పసర్లు ఏమన్న తీసుకుంటున్నవా?" అని అడిగాను.

"లేదు డాక్టరమ్మా. మీరిచ్చినయే."

మేమిచ్చిన వాటిలో ఆకుపచ్చ డబ్బా ఉంది. కంపెనీకి ఫోన్ చేసి, గోలీల్లో ఏమేం ఉన్నాయో చెప్పమన్నాను. టై కట్టుకున్న సైంటిస్ట్ చాలా మర్యాదగా మాట్లాడాడు.

"అది మా ఫార్ములా మేడమ్. బయటికి చెబితే దాని విలువ పోతుంది."

"ఇక్కడ ఆమె కాలేయం పోతోంది."

"వంద శాతం నేచురల్ మేడమ్," అన్నాడు. గన్నేరు పప్పు కూడా వంద శాతం నేచురలే. నేను గోలీలు ఆపించాను.

సాయంత్రానికి చైర్మన్ గారు పిలిచారు. "ఆవిడ గోలీలు ఆపారటండీ? బోర్డు మీద ఉన్నది ఆవిడే కదా. కనీసం బోర్డు ఉన్నన్నాళ్లయినా వేసుకోనివ్వండి."

గట్టిగానే చెప్పి వచ్చాను. ఏమన్నానో ఇక్కడ రాయను, చదివేవాళ్లలో చిన్నపిల్లలూ ఉంటారు.

గోలీలు ఆపినా రిపోర్టులో అంకెలు దిగలేదు, ఇంకాస్త పెరిగాయి. కీమో లేకుండా వారాలు గడుస్తున్నాయి. ఒకరోజు నేను పరీక్ష చేయకముందే అండాలు తల వంచుకుని చెప్పింది.

"టేపు పెట్టి చూసిన డాక్టరమ్మా. మల్ల పెరిగింది."

వేళ్లు పెట్టి చూశాను. నిజమే. మెత్తబడిన గడ్డ మళ్లీ గట్టిపడుతోంది. ఆ రోజు నాకు భయం వేసింది. నయమయ్యే మనిషి నా కళ్ల ముందే నయం కాని మనిషిగా మారిపోతోంది, కారణమేమో నాకు అంతుపట్టడం లేదు. అటు చౌరస్తాలో ఆమె బోర్డు మాత్రం నవ్వుతూనే ఉంది.

ఉప్పు లేని మజ్జిగ

మా కీమో గదిలో రోగులకు మధ్యాహ్నం అల్లం, ఉప్పు వేసిన మజ్జిగ ఇచ్చేవారు. ఆ రోజు రక్తం తీయించుకుని కూర్చున్న అండాలు గ్లాసు ముట్టలేదు. ఆయా అడిగితే, ఉప్పు లేకుండా ఇంకో గ్లాసు తెమ్మంది. తర్వాత టిఫిన్ డబ్బా తీసింది. ఉత్త అన్నం, పాలు. పచ్చడి లేదు, కూర లేదు, పోపు వాసన లేదు.

నాకు మా అమ్మ గుర్తొచ్చింది. చిన్నప్పుడు ఆమెకు కామెర్లయితే ఇట్లాగే తిన్నది. పసరు తాగినన్నాళ్లూ ఉప్పు, పులుపు, నూనె బంద్. మా వైపు ఎంత రహస్యంగా పసరు తాగినా, పత్యం దాచడం ఎవరివల్లా కాదు. మందు గొంతులోంచి దిగిపోతుంది, పత్యం కంచంలో కనిపిస్తుంది.

వృత్తిలోకి వస్తున్న పిల్లలకు నేను చెప్పగలిగిన పనికొచ్చే ముక్క ఇదొక్కటే. ఏం మందు వాడుతున్నారని అడగండి, అబద్ధం చెబుతారు. ఏం తింటున్నారని అడగండి, మీకు నచ్చే జాబితా చెబుతారు. ఏం తినడం లేదో అడగండి.

పక్కన కూర్చుని అడిగాను. "ఉప్పు ఎప్పటిసంది తింటలేవ్ అండాలూ?"

ఆమె డబ్బా మూత పెట్టేసింది.

"అడుగకుండ్రి డాక్టరమ్మా. నేను నోరిప్పితే పసరిచ్చినాయన చెయ్యి పోతది."

మా వైపు పసరు ఇచ్చేవాళ్లకు ఒక కట్టు ఉంది. ఏ ఆకో బయటికి చెప్పకూడదు, డబ్బు తీసుకోకూడదు. చెబితే మందుకు గుణం పోతుంది, ఇచ్చిన చేతికి మహిమ పోతుంది. తాగినవాళ్లు ఎవరి దగ్గర తాగామో చెప్పినా అంతే. ఇంకొక కట్టు దీనికంటే ప్రమాదం. మొదలుపెట్టిన పసరును నడుమ వదిలేస్తే రోగం తిరగబడి మీద పడుతుంది.

"నీ కాలేయమే పోతున్నది గదా. గాయన చెయ్యి గురించి నీకెందుకు?" నాకు కోపం వచ్చింది, గొంతు పెరిగింది కూడా.

"నా బిడ్డ చిన్నగున్నప్పుడు కామెర్లతోని కండ్లు తేలేసింది. ఆ చెయ్యే బతికిచ్చింది. ఊర్ల ఎంతమంది పిల్లలో. నా ఒక్కదాని కోసం గా చెయ్యి పోగొట్టాల్నా?"

ఆ పిల్ల కామెర్లు వాటంతటవే తగ్గి ఉంటాయి, పిల్లల్లో చాలావరకు అట్లాగే తగ్గుతాయి. ఆ మాట ఆమెకు చెప్పి ఏం లాభం? ఆమె అజ్ఞానంతో మాట్లాడటం లేదు, కృతజ్ఞతతో మాట్లాడుతోంది. దానికి మన పుస్తకంలో విరుగుడు లేదు.

నర్సయ్య తాత

పేరు ఆమె చెప్పనక్కర్లేదు. ఉప్పు లేని పత్యంతో పసరు ఇచ్చేది ఆ చుట్టుపక్కల ఒక్కడే. ఆదివారం అండాలునూ సత్తయ్యనూ నా కారు ఎక్కించుకుని నర్సయ్య తాత ఇంటికి వెళ్లాను. దారంతా అండాలు ఒకే మాట అంది. "నేను చెప్పలే. మీరే ఎర్కజేసుకున్నరు."

పసరు వైద్యుడంటే గుడిసె, చింకి ధోవతి ఊహించుకునేవాళ్లుంటారు. నర్సయ్య తాత భూమి రోడ్డుకు ఆనుకుని ఉండేది. మంచి రేటుకు అమ్మి రెండంతస్తుల బిల్డింగు కట్టాడు. ముందు గచ్చంతా గ్రానైట్. కొత్త కారు కవరు కప్పుకుని నిలబడి ఉంది, ఇంట్లో ఎవరికీ నడపడం రాదు. ఆయన ప్లాస్టిక్ కుర్చీలో, శుక్లాల ఆపరేషన్ అప్పుడిచ్చిన నల్లద్దాలు ఇంకా పెట్టుకుని కూర్చున్నాడు.

"కండక్టర్ బిడ్డవా? మీ బాపు నాకు చిల్లర ఎప్పుడు సక్కగ ఇయ్యలే," అన్నాడు. ఆ తర్వాత తన చేతి గొప్పతనం మొదలుపెట్టాడు. కామెర్లు, తేలుకాటు, పిల్లల దిష్టి, పెద్దల పక్షవాతం. కుడి అరచెయ్యి మా ముందు తిప్పి తిప్పి చూపించాడు.

"క్యాన్సర్‌కు ఎప్పటిసంది ఇస్తున్నవ్ తాతా?"

"మీ బోర్డు వెట్టినకాన్నుంచి."

"మా బోర్డా?"

"మీరే రాసిండ్రు గదా బిడ్డా. ఆకు, కీమో రెండు గలిస్తేనే గెలుపని. మా మనుమడు సదివి చెప్పిండు. సెలైన్ మీరిస్తున్నరు. ఆకు మీకేం ఎర్క? గందుకే ఆకు నేనిస్తున్న."

అండాలు కూడా నెమ్మదిగా అంది. "నా ఫోటో కిందనే ఉండె గదా డాక్టరమ్మా. నిజమే కావచ్చు అనుకున్న."

వైద్యంలో ఇంత చక్కగా కుదిరిన సంయుక్త చికిత్సను నేను మళ్లీ చూడలేదు.

నర్సయ్య తాతకు విడమరిచి చెప్పాను. కాలేయం చెడింది, మందు ఎక్కించే వీల్లేదు, గడ్డ మళ్లీ పెరుగుతోంది. ఇట్లాగే ఉంటే ఆపరేషన్ చేసే అదును దాటిపోతుంది. సత్తయ్య గడప మీద కూర్చుని తల పట్టుకున్నాడు. "బంద్ చెయ్యమను తాతా. మేము చెప్తే ఇంటలేదు. నువ్వంటే ఇంటది."

"నేనన్నా అది బంద్ కాదు," అన్నాడు తాత. గొంతులో గొప్ప తగ్గింది. "నడుమ ఇడిస్తే రోగం మీద పడ్తది. మా తాతలకాన్నుంచి గంతే."

అండాలు తల ఊపింది. ఆ భయంతోనే తాగుతోంది ఆమె. ఆ ఇంట్లో నా పుస్తకం చెల్లదు. వాళ్ల కట్టులోంచే దారి వెతకాలి.

"తాతా, ఏ ఆకో బయటికి చెప్తే ఏమైతది?"

"గుణం పోతది."

"గుణం పోయినంక అదేంది?"

"ఏముంది? ఉత్త ఆకు."

"ఉత్త ఆకును నడుమ ఇడిస్తే రోగం మీద పడ్తదా?"

తాత నల్లద్దాలు తీశాడు. నన్ను చూశాడు, తర్వాత అండాలును చూశాడు. ఆమె గబగబా, "వద్దు తాతా, చెప్పకు. నా నసీబెట్లుంటే గట్లయితది," అంది.

ఆయన చాలాసేపు కుడి అరచెయ్యి చూసుకుంటూ కూర్చున్నాడు. అంతకుముందు మాకు చూపించినప్పటిలా లేదు ఆ చూపు. తర్వాత లేచి నిలబడ్డాడు. లోపలున్న కోడలికి, గేటు దగ్గరున్న ఇద్దరు మనుషులకు కూడా వినపడేట్టు, ఏమేం ఆకులో, వాటిలో ఏం కలిపి నూరుతాడో ఒక్కొక్కటే పేరు పెట్టి చెప్పాడు. చెప్పి కూర్చున్నాడు.

"అయిపోయింది. ఇగ అది ఉత్త ఆకే బిడ్డా. ఇంటికి పోయి ఉప్పేసుకొని తిను."

ఏ ఆకులో నేనిక్కడ రాయను. రాస్తే రేపటికల్లా ఎవరో ఒకరు ఆకుపచ్చ డబ్బాలో పెట్టి అమ్ముతారు.

ఎవరి గొప్ప వాళ్లది

అండాలు ఆ రాత్రే మామిడికాయ పచ్చడితో అన్నం తిన్నదని సత్తయ్య చెప్పాడు. రిపోర్టులో అంకెలు మెల్లగా దిగాయి. కాలేయాన్ని చెడగొట్టింది గోలీలా, పసరా, రెండూ కలిసా? నాకు ఈనాటికీ తెలియదు. పసరులో ఏముందో ఇచ్చినాయన చెప్పాడు. గోలీల్లో ఏముందో కంపెనీ చెప్పలేదు.

బెరడు మందు ఎక్కించే రోజు అండాలు సీసా వైపు చూసి అడిగింది. "ఇది దేంతోని చేస్తరు డాక్టరమ్మా?"

"ఒక చెట్టు బెరడులోంచి వచ్చింది."

ఆమె నన్ను ఎగాదిగా చూసింది. "చెట్టుదేనా? మరి ఇన్నొద్దులు నన్నెందుకు తిట్టిండ్రు?"

"దీని పేరు, మోతాదు, ఇది చేసే నష్టం, అన్నీ ఊరందరికి చెప్పొచ్చు అండాలూ. చెప్పినా గుణం పోదు."

నా వృత్తి జీవితంలో మందు గురించి నేను తెలుసుకున్నది ఆ ఒక్క మాటలోనే ఉంది. మీ దగ్గరికి ఎవరు ఏ గోలీ తెచ్చినా, అది ఆకుదైనా ఫ్యాక్టరీదైనా, అందులో ఏముందో అడగండి. చెబితే దాని విలువ పోతుందనేవాళ్లను గేటు దాకా సాగనంపండి.

గడ్డ తగ్గింది. ఆపరేషన్ అయింది. అండాలు బతికింది, ఇప్పటికీ జాకెట్లు కుడుతోంది. చైర్మన్ గారు ఆ గెలుపును సంయుక్త చికిత్స ఖాతాలో వేసుకుని కొత్త బోర్డు పెట్టించారు. మందు కంపెనీ రిప్రజెంటేటివ్ అది తమ బెరడు మందు ప్రతాపమన్నాడు. సర్జన్ గారు తన కత్తి అన్నారు. నేను కూడా ఒక సదస్సులో కోటు వేసుకుని, కాలేయం సంగతి మెల్లగా పలికి, మిగతాదంతా గట్టిగా చెప్పి చప్పట్లు కొట్టించుకున్నాను. ఆ తర్వాత కోర్టు కేసు తేలింది. హెర్బల్ విలేజ్ మళ్లీ వెంచర్ అయింది. కలబంద మొత్తం చదును చేసింది సత్తయ్య జేసీబీయే. సంయుక్త చికిత్స పేరు మా ఆస్పత్రిలో మళ్లీ వినపడలేదు.

ఇంతమందిలో ఎవరికీ ఏమీ పోలేదు. పోయింది నర్సయ్య తాతకే. ఆ ఆదివారం తర్వాత ఆయన ఎవరికీ పసరు ఇవ్వలేదు. కామెర్లతో పిల్లల్ని ఎత్తుకుని వచ్చినవాళ్లకు అరచెయ్యి చూపించి, "పోయింది బిడ్డా, దవాఖానకు పొండ్రి" అని మా దగ్గరికి పంపేవాడట. ఎట్లా పోయిందని ఎంత అడిగినా చెప్పేవాడు కాదట. ఆ చేతిలో మహిమ ఉందని నేను ఏనాడూ నమ్మలేదు, ఇప్పుడూ నమ్మను. ఆయన మాత్రం నమ్మాడు. ఆయన దగ్గర డబ్బుంది, బిల్డింగుంది, కారుంది. అవేవీ ఆయన గొప్ప చెప్పుకునేవి కావు.

నేను ఉద్యోగం వదిలే ముందు ఒకసారి ఆయనే జ్వరంతో మా ఆస్పత్రికి వచ్చాడు. అప్పటికి బాగా ముసలివాడైపోయాడు. తోడు వచ్చింది అండాలు. నాడి చూద్దామని చెయ్యి చాపమన్నాను. ఎడమ చెయ్యి చాపాడు. కుడి చెయ్యి దుప్పటి కిందే ఉంచుకున్నాడు.

"కుడి చెయ్యి ఇయ్యి తాతా."

"అది నాది కాదు బిడ్డా. అండాలుకిచ్చేసిన."

అండాలు కిటికీ వైపు తిరిగి కొంగుతో కళ్లు తుడుచుకుంది. నేను ఎడమ చెయ్యే పట్టుకుని నాడి చూశాను.